జమిడిక: ఎల్లమ్మ కథల ఒంటితీగ వాద్యం

జమిడిక తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయించే ఒంటితీగ వాద్యం. ఒకవైపు తోలు మూసిన పాత్ర, ఆ తోలు నడుమ నుంచి బయలుదేరే ఒకే ఒక నరం, నరం రెండో కొసకు చేతిపట్టు: దాని నిర్మాణం ఇంతే. మెట్లు లేవు, బిరడాలు లేవు. నరాన్ని లాగితే స్వరం హెచ్చుతుంది, సడలిస్తే తగ్గుతుంది. ప్రాంతాన్ని బట్టి జమిడికె, జవనిక, జముకు అన్న పేర్లూ ఉన్నాయి. పాత వరంగల్ జిల్లాను విడదీసి 2016 అక్టోబరు 11న ఏర్పాటు చేసిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఈ వాద్యానికి పాత కాణాచిలో భాగం. 

పాత్ర ఇత్తడిది కావచ్చు, కొయ్యది కావచ్చు. వెనకటి కుంచం ఆకారంలో, చంకలో ఇమిడేంత ఉంటుంది. దాని అడుగు తీసేసి, ఆ వైపు పలచని తోలు బిగిస్తారు. తోలు సరిగ్గా మధ్యలో చిన్న రంధ్రం చేసి, అందులోంచి నరాన్ని పాత్ర లోపలికి పోనిచ్చి, తెరిచి ఉన్న రెండో మూతి గుండా బయటికి తీస్తారు. తోలు బయటి వైపున నరం కొసకు ముడి వేస్తారు. లాగినప్పుడల్లా ఆ ముడి తోలును కోసేయకుండా మధ్యలో ఓ చిన్న బిళ్ళ ఆనిస్తారు. ఈ బిళ్ళ కంటికి ఆనదు గానీ వాద్యం ఆయుష్షు దాని మీదే ఉంది. బయటికి వచ్చిన కొసకు గుప్పిట్లో పట్టే చిన్న కొయ్యముక్క కడతారు. పాతకాలంలో తీగ అంటే జంతువుల పేగుతో పేనిన నరమే. తోలు కూడా పశువుదే కాబట్టి, ఊళ్ళో తోలు పని తెలిసిన చేతులు లేకుండా ఈ వాద్యం పుట్టేది కాదు. ఎల్లమ్మ కథలోనూ, కొలుపులోనూ మాదిగవాడకు ఉన్న చోటు తెలిసినవారికి ఈ సంబంధం వింతగా తోచదు.

వాయించే తీరు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే పొరబడటానికి వీలున్నది ఇక్కడే. కళాకారుడు పాత్రను ఎడమ చంకలో బిగించి పట్టి, అదే చేతి గుప్పిట్లో కొయ్యముక్కను పట్టుకుంటాడు. కుడిచేతిలోని చిన్న పుల్లతో నరాన్ని మీటుతాడు. మీటు పడిన క్షణంలోనే ఎడమ గుప్పిలి ముందుకు లాగుతుంది లేదా వెనక్కి సడలుతుంది. అందువల్ల ఒక్క మీటులోనే స్వరం కింది నుంచి పైకి పాకుతుంది, పైనుంచి కిందికి జారుతుంది. వీణ మీద మెట్టు చూపిన చోట వేలు పెడితే స్వరం దొరుకుతుంది. జమిడిక మీద స్వరం ఎక్కడుందో చూపే గుర్తు ఏదీ లేదు. అది వాయించేవాడి చెవిలోనూ, భుజంలోనూ ఉంటుంది. తీగ పలికే స్వరం బిగువు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుందని ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో ప్రకటించాడు. అంటే స్వరం ఒక స్థాయి పైకి పోవాలంటే బిగువు రెట్టింపైతే చాలదు, నాలుగు రెట్లు కావాలి. ఈ లెక్క పుస్తకంలో చదవకపోయినా జమిడిక పట్టిన చేతికి తెలుసు: పైకి పోయేకొద్దీ ప్రతి చిన్న మెట్టుకూ మరింత బలం పెట్టాలి. రాత్రంతా సాగే కథలో ఆ బలాన్ని ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలియడం కూడా విద్యలో భాగమే.

జమిడికను కేవలం తాళవాద్యంగా వర్ణించడం సగం నిజమే చెప్పినట్టు. అది లయ పట్టుకుంటుంది, నిజమే. కానీ కథకుడు వచనం చెప్పి ఆపిన చోట అది ప్రశ్నలా ఎత్తి పలుకుతుంది. ఎల్లమ్మ దుఃఖం దగ్గర కిందికి జారి మూలుగుతుంది. కథకుడికీ వంతకూ తోడుగా తాళాలు ఉంటాయి. ఆడవేషం కట్టిన మగ కళాకారుడు దళంలో ఉండటమూ ఈ సంప్రదాయంలో తెలిసినదే. ఇంతమంది నడుమ జమిడిక పక్కవాద్యం కన్నా రెండో గొంతుకు దగ్గర.

ఓరుగల్లు నేలలో ఈ కథాగానానికి దొరికే బలమైన సాహిత్య సాక్ష్యం క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ప్రసిద్ధమైన ఈ వీథి నాటకాన్ని శ్రీనాథుడే రాశాడన్న వాదం కూడా పండితుల్లో ఉంది. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామం దీనికి మూలం. ఆ మూలం ఇప్పుడు దొరకదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవన్నీ మనకు చూపిస్తారు. అందులో ఒకచోట ఏకవీరాదేవి ఎదుట నిలబడి పరశురాముడి కథలు పాడే కళాకారుడు కనిపిస్తాడు. అతణ్ణి కవి బవనీల చక్రవర్తి అంటాడు. ఏకవీర అంటే రేణుకే, రేణుక అంటే జనం కొలిచే ఎల్లమ్మే. బవనీలను నేటి బైండ్లవారి పూర్వులుగా సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. వరంగల్ పక్కనే మొగిలిచెర్లలో కాకతీయుల నాటి ఏకవీర గుడి ఇప్పటికీ ఉంది. దేవత, కథ, కథ చెప్పే వృత్తి, ఊరు నాలుగూ ఒకేచోట కలిసి ఇన్ని శతాబ్దాలు నిలవడం తెలుగు జానపద కళల చరిత్రలో అరుదు. రాజాస్థానాల వాద్యాలకు శిల్పాల్లో చోటు దొరికింది. వీధిలో పాడేవాడికి ఈ పుస్తకంలో చోటు దొరకడం మన అదృష్టం.

అంతకు ముందే, 13వ శతాబ్దంలో, ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం తరలే జనాల పాటలు, ఆటలు, వాద్యాల పేర్లను పేజీల కొద్దీ పోగుచేశాడు. జనం నోటి పాటను కావ్యంలోకి తెచ్చే అలవాటు ఈ నేలలో ఆయనతో బలపడింది.

బైండ్లవారు కథకులు మాత్రమే కారు, పూజారులు కూడా. ఎల్లమ్మ, పోచమ్మ, ముత్యాలమ్మ, మైసమ్మ పండుగల్లోనూ, బొడ్రాయి ప్రతిష్ఠలోనూ పట్నం అనే ముగ్గు వేయడం, కొలుపు జరిపించడం వారి పని. ప్రభుత్వ షెడ్యూల్డు కులాల జాబితాలో ఈ కులం పేరు బిండ్ల అని నమోదైంది. గౌడులు, మాదిగలు మొదలైన కులాలవారు ఎల్లమ్మ పండుగ చేసుకున్నప్పుడు రంగుల పొడులతో పట్నం వేసి, దాని ఎదుట కథ మొదలుపెడతారు. రేణుక పుట్టుక, జమదగ్నితో పెళ్ళి, ఆయన కోపం, తల్లి తల నరకమని కొడుక్కిచ్చిన ఆజ్ఞ, మాతంగి, మళ్ళీ ప్రాణం పోసుకోవడం: కథ అందరికీ తెలిసిందే. తెలిసిన కథనే మళ్ళీ రాత్రంతా కూర్చొని వింటారంటే, ఎట్లా చెప్తారన్నదే అక్కడ ముఖ్యం. జమిడిక ఆ ‘ఎట్లా’లో ఉంది. కర్ణాటక, మహారాష్ట్రల్లో ఎల్లమ్మను కొలిచే జోగతులు తమ దగ్గరున్న ఇదే కోవ వాద్యానికి పుట్టుక కథ కూడా చెప్తారు. పరశురాముడు రాక్షసుణ్ణి చంపి, వాడి దేహంతోనే ఒక వాద్యం చేసి తల్లికి సమర్పించాడంటారు. తోలు, పేగు నరం కలిసి పాడే వాద్యానికి ఇంతకన్నా తగిన పుట్టుక కథ ఊహించడం కష్టం.

జనగామ ప్రాంతంలో ఇదే ఎల్లమ్మ కథను ఒగ్గు కళాకారులు డోలు, తాళాల హోరుతో చెప్తారు. ప్రసిద్ధ ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్యది జనగామ జిల్లా మాణిక్యాపురం. ఒకే కథను రెండు సంప్రదాయాల్లో విన్నవారికి వాద్యం కథ నడకను ఎట్లా మారుస్తుందో తెలుస్తుంది. డోలు ఉన్నచోట కథ ఉరుకుతుంది, ఆట పెరుగుతుంది. జమిడిక ఉన్నచోట మాట ముందుకు వస్తుంది, మౌనానికీ చోటు ఉంటుంది.

ఉత్తరాంధ్రలో జముకుల కథ ఈ వాద్యం పేరుతోనే వెలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో అది కొలుపుల నుంచి ప్రజా ఉద్యమాల్లోకి నడిచింది. శ్రీకాకుళ ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో చనిపోయేదాకా జముకుల కథను రాజకీయ ప్రచారానికి వాడుకున్నాడు. దేశంలో జమిడిక బంధువులు ఇంకా చాలా ఉన్నాయి. కన్నడ జోగతుల చౌడికె, మరాఠీ చౌండకం, బెంగాల్ బౌల్ గాయకుల ఖమక్, రాజస్థాన్ మేవాత్ జోగుల భపంగ్ అన్నీ తోలు నడుమ నుంచి తీగ లాగిన వాద్యాలే. చౌడికె మోగే జోగతి నృత్యానికి గుర్తింపు తెచ్చిన మంజమ్మ జోగతి 2021లో పద్మశ్రీ అందుకున్నారు.

ఈ వాద్య కుటుంబాన్ని ఎక్కడ చేర్చాలన్నది సంగీత శాస్త్రవేత్తలకు చాలాకాలంగా చిక్కు ప్రశ్న. హార్న్‌బోస్టెల్, సాక్స్ 1914లో ప్రపంచ వాద్యాలను వర్గీకరించినప్పుడు వీటిని చర్మవాద్యాల్లో, మీటే డోళ్ళుగా లెక్కగట్టారు. మోగేది తీగ అయినప్పుడు డోలు ఎట్లా అవుతుందని తర్వాత లారెన్స్ పికెన్ వంటి పరిశోధకులు ప్రశ్నించి, ఇవి బిగువు మార్చే తంత్రీవాద్యాలని వాదించారు. వాయించే చేతిని చూస్తే పికెన్ వాదమే సబబు. ఎడమ చేయి రాత్రంతా పడే శ్రమ స్వరం కోసమే.

బిగువు మార్చి ఒంటితీగను పలికించే ఆలోచన వేరే ఖండాల్లోనూ పుట్టింది. మధ్య ఆఫ్రికాలో నేలలో గొయ్యి తవ్వి, దాని మీద తోలో బెరడో పరిచి, వంగిన కొమ్మకు తాడు కట్టి వాయించేవారు. అమెరికాలో నల్లజాతి కళాకారులు బట్టలుతికే రేకు తొట్టిని బోర్లించి, నడుమ తాడు కట్టి, చీపురు కర్రతో లాగుతూ మంద్ర స్వరం పుట్టించారు. 1920లలో మెంఫిస్, లూయీవిల్ నగరాల జగ్ బ్యాండ్లు అటువంటి చేతి వాద్యాలతోనే పేరు తెచ్చుకున్నాయి. బ్రిటన్‌లో ఆ తొట్టి స్థానాన్ని తేయాకు పెట్టె ఆక్రమించింది. లోనీ డోనెగన్ 1954లో రికార్డు చేసిన ‘రాక్ ఐలాండ్ లైన్’ పాట 1956 మొదట్లో అక్కడి పాటల పట్టికలకెక్కింది. దాంతో కుర్రకారంతా స్కిఫుల్ అనే ఆ తరహా చేతి వాద్యాల సంగీతానికి బృందాలు కట్టారు. గిటారు ఎట్లాగో సంపాదించినా, పెద్ద బేస్ వాద్యం కొనే స్తోమత వారికి లేదు. మన అస్సాం నుంచీ, సిలోను నుంచీ తేయాకు మోసుకొచ్చిన ప్లైవుడ్ పెట్టెలు ఖాళీ అయ్యాక ఊరికే దొరికేవి. పెట్టెను బోర్లించి, నడుమ చిల్లు పొడిచి, లోపలి వైపు ముడి వేసిన తాడును పైకి తీసి, కర్ర కొసకు కట్టేవారు. కర్ర కింది కొసను పెట్టె అంచున ఆనించి వెనక్కి వంచితే తాడు బిగిసి స్వరం హెచ్చేది. జాన్ లెనన్ 1956లో మొదలుపెట్టిన క్వారీమెన్ బృందంలోనూ తేయాకు పెట్టె బేస్ ఉండేది. 

సూత్రం ఒకటే అయినా పనితనంలో తేడా ఉంది. తేయాకు పెట్టె తాడు నిలువెత్తు పొడవు, కాబట్టి గొంతు బాగా మందం. జమిడిక నరం పొట్టి, గొంతు సన్నం, కదలిక చురుకు. పెట్టె మీద కర్ర బరువును మోస్తుంది. జమిడికలో ఆ బరువంతా గుప్పిటిదే. బ్రిటన్ కుర్రాళ్ళు రెండు మూడేళ్ళలోనే విద్యుత్ గిటార్లకు మారిపోయారు. వారికి అది డబ్బు లేనప్పటి సర్దుబాటు. బైండ్లవారికి జమిడిక కొలుపు వస్తువు, దాని బదులు మరొకటి పెట్టుకోవడం కుదరదు.

జమిడిక మీద పరిశోధనకు వరంగల్‌లోనే ఆధారాలున్నాయి. తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం అక్కడే పనిచేస్తోంది. తెలుగు జానపద గేయాల మీద ఉస్మానియాలో మొదటి పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజుది ఆ పక్కనున్న దేవనూరే. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ ఊరూరా తిరిగి సేకరించిన జానపద, ఆదివాసీ వాద్యాలు మూలధ్వని ప్రదర్శన ద్వారా నగరవాసుల కంటబడ్డాయి. ఇటీవలి పద్మశ్రీ పురస్కారాల్లో కిన్నెర మొగులయ్య (2022), బుర్రవీణ కొండప్ప (2024), జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య (2024) పేర్లు చేరడం ఈ దిక్కు కళల మీద చూపు పెంచింది.

అయితే జమిడికను కిన్నెరలా విడిగా వేదిక మీద నిలబెట్టడం కష్టం. దానికి సొంత పాటలు లేవు, కథకుడి మాటే దాని పాట. పది నిమిషాల ప్రదర్శనకు కుదిస్తే రెండు మూడు జారుళ్ళు, కాసిని మీట్లు వినపడతాయి. రెండో గొంతు వినపడదు. ఈ వాద్యాన్ని భద్రపరచాలనుకునేవారు పండుగ రాత్రి పట్నం ముందే, కథ మొదటి నుంచి చివరిదాకా, కథకుడి గొంతుకు ఒక మైకు, జమిడికకు ఒక మైకు వేరుగా పెట్టి రికార్డు చేయాలి. ఎడమ గుప్పిలి స్పష్టంగా కనపడేటట్టు వీడియో తీయాలి. లాగే కొలత రాతలో పెట్టే పద్ధతి లేదు కనుక నేర్చుకునే పిల్లవాడికి ఆ చేతి కదలికే పాఠం.