గుర్రం దిగి స్టీమరెక్కిన ప్రచారకుడు

1828లో పీటర్ కార్ట్‌రైట్ సెయింట్ లూయిస్‌లో స్టీమరెక్కాడు. పిట్స్‌బర్గ్‌లో మెథడిస్టు మహాసభకు వెళ్ళాలి. అప్పటిదాకా ఇరవై ఏళ్ళకు పైగా అతనికి ఇల్లూ వాకిలీ గుర్రమే. అమెరికా పశ్చిమ సరిహద్దుల్లో 'సర్క్యూట్ రైడర్' బతుకంటే అదే మరి. జీను సంచిలో బైబిలు, పాటల పుస్తకం. వారాల తరబడి అడవి దారులు. ఎవరు పెడితే వాళ్ళింట్లో తిండి. 1800 వరకు ఏడాది జీతం 64 డాలర్లు, తర్వాత 80, 1816 నుంచి 100. అదీ చేతికొస్తేనే! వానల్లో నాని, జ్వరాలొచ్చి, ముప్ఫై నిండకుండానే పోయినవాళ్ళు చాలామంది.

గుర్రం మీద తిరిగేవాడు జనాన్ని వెతుక్కోవాలి. స్టీమర్లో జనం ఎటూ పారిపోలేరు. 1856లో వచ్చిన ఆత్మకథలో కార్ట్‌రైట్ ఈ ప్రయాణాన్ని మహా హుషారుగా చెప్తాడు: పేకాటరాయుళ్ళు, తాగుబోతులు, ఫిడేలు మోతలు, వాళ్ళతో తన వాదనలు. అన్ని వాదాల్లోనూ తనే గెలుస్తాడు కాబట్టి కొంచెం తగ్గించుకుని చదవాలి.

అతను వాదించింది పై అంతస్తు కేబిన్లో. కింద బాయిలర్లు, సరుకులు, ఆ సరుకుల మధ్యే పడుకునే చౌక టిక్కెట్టు జనం. దారిలో ఒడ్డున ఆగినప్పుడల్లా కట్టెలు మోయడం వాళ్ళ పనే. బాయిలర్ పేలితే ముందు పోయేదీ వాళ్ళే. 1838లో సిన్సినాటి దగ్గర 'మోసెల్' పేలి వందమందికి పైగా చనిపోయారు. గట్టి తనిఖీల చట్టం రావడానికి 1852 దాకా పట్టింది.

ఆ కింది అంతస్తులోనే ఇంకో సరుకూ ఉండేది. 1841లో స్టీమర్లో సెయింట్ లూయిస్ వెళ్తూ, పన్నెండు మంది బానిసల్ని ఆరుగురేసి చొప్పున గొలుసుకు కట్టి తీసుకుపోతుంటే చూశానని అబ్రహాం లింకన్ ఒక ఉత్తరంలో రాశాడు. కార్ట్‌రైట్‌కీ బానిసత్వం గిట్టదు. 1824లో కెంటకీ వదిలి ఇల్లినాయ్‌కి మకాం మార్చడానికి అదొక కారణం. కానీ దాన్ని వెంటనే రద్దు చేయాలనేవాళ్ళూ అతనికి గిట్టలేదు. కేబిన్లో నాస్తికుల్ని అంత ధాటిగా ఎదుర్కొన్న మనిషి ఇక్కడ మధ్యేమార్గం పట్టాడు. నాకు మింగుడుపడనిది ఇదే.

1844 మహాసభలో, బానిసలున్న ఒక బిషప్పు విషయమై మెథడిస్టులు ఉత్తరం, దక్షిణం అని చీలిపోయారు. రెండేళ్ళకు కార్ట్‌రైట్ కాంగ్రెస్ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. గెలిచింది, ఆ గొలుసు గురించి ఉత్తరం రాసిన లింకనే.