కుందూ ఒడ్డున పేట గుడి

ఉయ్యాలవాడ అనగానే అందరికీ గుర్తొచ్చేది నరసింహారెడ్డి. 1846లో కుంఫిణీ మీద తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన వీరుడు. ఆ తర్వాత గుర్తొచ్చేది బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో వేలమందికి కడుపు నింపిన దాత. ఈ ఇద్దరి పేర్లు చెప్పుకుని గర్వపడే హక్కు ఊరికి ఎంతుందో మా పేటకూ అంతే ఉంది. అయితే దాదాపు ఆ కాలంలోనే ఈ కుందూ తీరాన ఇంకో చరిత్ర కూడా మొదలైంది. రచ్చబండ దగ్గర దాని మాట రాదు. మాలపేటల్లో పుట్టి, ఇప్పటికీ నిలిచి ఉన్న క్రైస్తవ సంఘాల చరిత్ర అది. నేను ఆ సంఘం బిడ్డను, బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి.

ఎస్‌పీజీ అనే ఇంగ్లీషు మిషన్ 1850ల్లో చాగలమర్రి పక్కన ముత్యాలపాడులో మకాం పెట్టింది. అక్కడ పనిచేసిన జాన్ క్లే దొర పేరు ఆ మిషన్ చరిత్రలో పెద్దది. కానీ దొర వచ్చి చెప్పాడు, జనం మారిపోయారు అనుకుంటే మన పెద్దల బుద్ధిని తక్కువ చేసినట్టే. బనగానపల్లె వీరబ్రహ్మంగారి మాటలు అప్పటికే ఈ సీమంతా తిరుగుతున్నాయి. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. పేటల్లో రాజయోగం చెప్పే గురువులుండేవాళ్ళు. తొలినాటి విశ్వాసుల్లో ఆ గురువుల శిష్యులున్నారని మిషన్ రాతలే చెబుతాయి. అంటే వెతుకులాట ముందే ఉంది. గుడి గడప తొక్కనివ్వని ఊళ్ళో, తమను లోపలికి పిలిచే దేవుడి కోసం వెతికారు వాళ్ళు.

తర్వాత ధాత కరువు. 1876 నుంచి 78 దాకా కర్నూలు జిల్లాను ఊడ్చేసింది. ఆ దశాబ్దంలో జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ కరువు చివర్లోనే, నల్లమలకు అవతల ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో, 1878 జులై 3న గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటినుంచి మా మీద ఒక నింద ఉంది, మిషన్ పంచిన గింజల కోసం మారినవాళ్ళని. ఈ మాటకు జవాబు చెప్పి తీరాలి. గంజి పోసినవాళ్ళ మతంలోకి పోయే జనమే అయితే, వెంగళరెడ్డి గంజి తాగిన వేలమంది ఏ మతంలోకి పోయారు? పైగా కరువు పోయి వానలు పడ్డాక ఆ గింజలు ఆగిపోయాయి. సంఘాలు ఆగలేదు. గింజలు ఒక ఏడాది సంగతి చెబుతాయేమో గానీ, నూటనలభై ఏళ్ళ సంగతి చెప్పలేవు.

ఆ నమ్మకానికి ఖర్చు కూడా ఎక్కువే. జొన్నకోతల్లో ఆదివారం పనికి రామంటే రైతుకు కోపం. జాతరలో మా వంతు వెట్టి చెయ్యమంటే ఊరికే కోపం. తెల్లారితే పనికి పిలిచే గుమ్మం మూసుకుపోతే తినేదేముంది? కొందరు భయపడి వెనక్కి తగ్గారు. వాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు. తక్కినవాళ్ళను నిలబెట్టింది మాత్రం దొరలు కాదు, ఉపదేశులు. నంద్యాలలో మిషన్ నడిపిన శిక్షణ బడిలో తయారై, పేటలోనే కాపురముండి, పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, చీకటిపడ్డాక పెద్దలకు ప్రార్థన చెప్పేవాళ్ళు. కూలిజనం ఇల్లు చేరేదే పొద్దుగుంకాక గనక, గుడిగంట కొట్టేదీ అప్పుడే. చదువురాని మా పెద్దలకు విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన మొత్తం నోటికి వచ్చేవి. బుడ్డి వెలుగులో ఉపదేశి ఒక ముక్క చెబితే పేటంతా తిరిగి చెప్పేది. అలా ఏళ్ళకేళ్ళు.

మా జేజి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న మట్టికుండ ఉండేది. జొన్నలు విసిరినా, కొర్రలు దంచినా, ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం కొంగులో పోసుకుని గుడికి తీసుకెళ్ళి, బల్ల దగ్గర పరిచిన గుడ్డ మీద గుమ్మరించేది. “దేవునిది తీసినాకే మనది నాయనా” అనేది. గింజ లేని రోజు ఆ కుండ ముట్టుకుంటుందేమోనని చూసేవాణ్ణి. ముట్టుకునేది కాదు. ఈ పిడికెడు కానుకను అజరయ్య బిషప్ దోర్నకల్ అధ్యక్షమండలమంతా అలవాటు చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. మా సీమ కూడా తర్వాత ఆయన కిందికే వచ్చింది. బయటివాళ్ళ డబ్బు మీద ఆధారపడితే సంఘం నిలవదని ఆయన పట్టు. ఆ పట్టును నిలబెట్టింది మా జేజిలాంటి ఆడవాళ్ళు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతంలో చాలామంది అందులో కలవలేదు. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని పాదిరులను ఒప్పుకోలేమన్నారు. దోర్నకల్ నుంచి విడిపోయి, కలకత్తా మెట్రోపాలిటన్ బిషప్ కింద ఉండి, 1970ల్లో గానీ సీఎస్‌ఐలో చేరలేదు. మా చుట్టాల్లోనే రెండు పక్షాలయ్యాయి. ఒకే పెళ్ళికి ఇద్దరు అయ్యగార్లు! అది మంచిదని నేననను. ఆ ఏళ్ళు మాకు నష్టం చేశాయి. కానీ ఎక్కడినుంచో వచ్చిన ఉత్తర్వుకు తలూపకుండా, మా నమ్మకం మాదని కూలిజనం నిలబడిన సంగతి కూడా చరిత్రలో ఉండాలి.

1950లో ఎస్సీలెవరో చెప్పే రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాక కాగితాల పరీక్ష మొదలైంది. క్రైస్తవుడన్న మాట రాయిస్తే ఎస్సీ హక్కు పోతుంది, బీసీ-సీ కింద ఒక్క శాతం మిగులుతుంది. పేట మారలేదు, పని మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హక్కు ఇచ్చారు. మాకు ఇవ్వకపోవడం అన్యాయం. బాప్తిస్మం పేరు ఒకటి, బడి పేరు ఒకటి పెట్టుకున్న ఇళ్ళున్నాయి. బిడ్డ బతుకు కోసం చేసిన పని అది. ఆదివారం వాళ్ళూ గుడికి వచ్చారు.

ముత్యాలపాడు, నంద్యాల, కోవెలకుంట్ల వైపు పాత సంఘాలవాళ్ళకు నా మనవి ఒక్కటే. మీ గుడి బీరువాలో బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్ళి రిజిస్టర్లు ఉంటే చెదలు పట్టకముందే ఫోటోలు తీయించండి. ఉపదేశుల పేర్లు తెలిసిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. వచ్చే ఆదివారమే వాళ్ళ పక్కన కూర్చుని, ఆ పేర్లు రాసి పెట్టండి.