సెప్టెంబర్ 17: ఒకే తారీఖు, ఇన్ని పేర్లు ఎందుకు?

మొన్న సెప్టెంబర్ 17 పొద్దున మా పటేల్‌గూడ నుంచి పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియా దాకా బండి మీద పోయిన. ఒక దగ్గర జెండా ఎగరేస్తున్నరు. కొంచెం ముందుకు పోతే ఫ్యాక్టరీ గేటు లోపల మిషన్లకు బొట్లు పెట్టి, దండలేసి విశ్వకర్మ పూజ చేస్తున్నరు. బీహార్, ఒడిశా కార్మికులు నాకూ ప్రసాదం పెట్టిన్రు. ఆ జెండా సంగతి వాళ్లకు తెల్వదు. ఈ పూజ సంగతి మనోళ్లలో చాలామందికి తెల్వదు.

ముందు పూజ గురించి చెప్తా. మన పండుగలు చాలావరకు చంద్రుణ్ణి బట్టి వస్తయి, అందుకే తారీఖులు మారుతయి. విశ్వకర్మ పూజ మాత్రం సూర్యుడు కన్యారాశిలోకి పోయే రోజు. సంక్రాంతి లెక్కనే అన్నమాట. అందుకే దాదాపు ఏటా 17నే.

ఇక జెండా. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. పేరు ఆపరేషన్ పోలో, మన పెద్దోళ్లు మాత్రం ‘పోలీస్ యాక్షన్’ అనే అంటరు. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి బయలుదేరింది. షోలాపూర్, జహీరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరు, హైదరాబాద్. ఇప్పుడు మనం రోజూ ట్రాఫిక్‌ల ఇరుక్కునే ముంబై హైవే దారే అది. 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రేడియోలో మాట్లాడిండు. కానీ ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, జనరల్ చౌదరి ముందు లొంగిపోయింది 18న. రాజ్యాంగం అమలైన 1950 జనవరి 26న అదే నిజాం రాజప్రముఖ్ అయిండు, 1956 దాకా ఉన్నడు! రాజు పోయిండా, ఉన్నడా? మీరే చెప్పండి.

పేరు మీద లొల్లి ఇక్కడే మొదలైతది. 2022లో కేంద్రం ‘హైదరాబాద్ విమోచన దినం’ అన్నది, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ‘జాతీయ సమైక్యతా దినోత్సవం’ అన్నది. 2024లో ‘ప్రజాపాలన దినోత్సవం’ అయింది. సంస్థానంలో 16 జిల్లాలుండె: తెలంగాణవి 8, మరాఠ్వాడావి 5, కన్నడ ప్రాంతానివి 3. మహారాష్ట్ర వాళ్లు ‘మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం’ చేస్తరు, కర్ణాటక వాళ్లు ‘కళ్యాణ కర్ణాటక ఉత్సవం’ చేస్తరు.

నా మటుకు నాకు ఏ ఒక్క పేరూ సరిపోదు. రజాకార్ల దాడుల్లో ఊర్లు కాలిన కుటుంబాలకు అది నిజంగా విడుదలే, అందులో అనుమానం లేదు. కానీ ఆ తర్వాత జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటరని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. చనిపోయినోళ్లలో ఎక్కువ మంది ముస్లింలు. ఆ నివేదిక ఏండ్ల తరబడి బయటికి రాలే. ఇటు దొరల మీద తుపాకి పట్టిన కమ్యూనిస్టులకైతే 17న యుద్ధం ఆగలే, 1951 అక్టోబర్‌లో గానీ పోరాటం విరమించలే. పటేల్, పట్వారీల పెత్తనమూ ఆ రోజు పోలే. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసేదాకా సాగింది.

మీ ఇంట్ల ‘పోలీస్ యాక్షన్’ యాదికున్న తాతలు, నానమ్మలు ఎవరన్నా ఉంటే ఫోన్‌ల రికార్డు చేసి పెట్టుకోండి. అప్పుడు పదేండ్లున్నోళ్లకే ఇప్పుడు ఎనభై దాటి ఎన్నో ఏండ్లయింది.