నమిలిన పుస్తకం: జాన్ లేథమ్ కళ – వివాదం – వారసత్వం

కాన్సెప్చువల్ ఆర్ట్‌గా ప్రసిద్ధమైన భావనాత్మక కళ చరిత్రలో బ్రిటిష్ కళాకారుడు జాన్ లేథమ్ (1921–2006)ది విలక్షణ స్థానం. ఆయన నేటి జాంబియాలో జన్మించారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేసి, అనంతరం లండన్‌లో చిత్రకళ అభ్యసించారు. 'పుస్తకాలను ధ్వంసం చేసిన కళాకారుడు' అన్న ముద్ర ఆయనకు బలంగా పడింది. ఆ ముద్ర ఎంతవరకు సమంజసమో పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

1958 నుంచి లేథమ్ పుస్తకాలను కళాసామగ్రిగా స్వీకరించారు. 1960వ దశకంలో పుస్తకాలను గోపురాలుగా పేర్చి బహిరంగంగా దహనం చేశారు. ఆంగ్లంలో పుస్తకాలు అన్న మాటను తిరగరాసి, వాటికి 'స్కూబ్' అని పేరు పెట్టారు. నాజీల పుస్తక దహనం జ్ఞాపకాల్లో ఇంకా చెరగని కాలమది. ప్రేక్షకుల కలవరం సహజమే.

1966లో వివాదం విద్యాసంస్థలోకి ప్రవేశించింది. అప్పుడు ఆయన లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ కళాపాఠశాలలో తాత్కాలిక అధ్యాపకుడు. అమెరికన్ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ వ్యాససంపుటి 'ఆర్ట్ అండ్ కల్చర్'ను ఆ పాఠశాల గ్రంథాలయం నుంచి తెచ్చి, విద్యార్థులు, మిత్రుల చేత దాని పుటలను నమిలించారు. ఆ ముద్దను ఆమ్లంలో కరిగించి, ఈస్ట్ కలిపి పులియబెట్టారు. 1967లో గ్రంథాలయం పుస్తకాన్ని తిరిగి కోరగా, ఆ ద్రవాన్ని సీసాలో పోసి అప్పగించారు. ఫలితంగా ఉద్యోగం పోయింది.

ఇక్కడ గ్రంథాలయ పక్షాన్ని తోసిపుచ్చలేం. ఆ ప్రతి ఉమ్మడి ఆస్తి. మరో పాఠకునికి అందవలసినది. అయితే గ్రీన్‌బర్గ్ సిద్ధాంతం కళావిద్యలో ప్రశ్నించరాని ప్రమాణంగా మారుతున్న దశలో, దానిని జీర్ణించుకోవడమంటే ఏమిటన్న ప్రశ్నను లేథమ్ అక్షరాలా ఆచరణలో పెట్టారు. గ్రంథాలయ లేఖలు, తొలగింపు ఉత్తరం, సీసాలతో కూడిన తోలుపెట్టె నేడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం సేకరణలో ఉంది. ఒక సంస్థ శిక్షించిన చర్యను మరో సంస్థ భద్రపరచింది.

ధ్వంసకుడన్న ముద్రకు విరుద్ధమైన సాక్ష్యం స్కాట్లాండ్‌లో లభిస్తుంది. 1966లో భార్య బార్బరా స్టీవెనీ ప్రభృతులతో కలిసి లేథమ్ 'ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్'ను స్థాపించారు. పరిశ్రమలలో, ప్రభుత్వ శాఖలలో కళాకారులకు చోటు కల్పించడం దాని ఆశయం. ఆ ఏర్పాటు కింద 1975–76లో స్కాటిష్ ఆఫీసులో పనిచేస్తూ, షేల్ నూనె పరిశ్రమ మిగిల్చిన వ్యర్థపు గుట్టలను తొలగించక స్మారకాలుగా నిలపాలని ప్రతిపాదించారు. వాటిలో 'ఫైవ్ సిస్టర్స్' నేడు రక్షిత కట్టడం.

2005 జులై లండన్ పేలుళ్ల అనంతరం, బైబిల్, ఖురాన్, తాల్ముద్ ప్రతులను గాజుపలకలో పొదిగిన ఆయన రచన 'గాడ్ ఈజ్ గ్రేట్'ను టేట్ బ్రిటన్ ప్రదర్శన నుంచి మినహాయించింది. లేథమ్ తీవ్రంగా నిరసించారు. కొద్ది నెలలకే, 2006 జనవరి 1న మరణించారు.

పుస్తకాన్ని కరిగించిన చేయీ, వ్యర్థాన్ని కాపాడిన చేయీ ఒక్కటే. లేథమ్ దృష్టిలో ప్రపంచానికి మూలం వస్తువు కాదు, కాలంలో జరిగే సంఘటన. పుస్తకమైనా గుట్ట అయినా ఆ సంఘటన మిగిల్చిన జాడే. కనుక ఆయనను విధ్వంసకుడిగా కాక, దేనిని భద్రపరచాలో నిర్ణయించే అధికారం ఎవరిదని ప్రశ్నించిన కళాకారునిగా అంచనా వేయడం న్యాయం. గ్రంథాలయాలకు, విశ్వవిద్యాలయాలకు, మ్యూజియంలకు ఆ ప్రశ్న నేటికీ వర్తిస్తుంది.