మోకాళ్ల నొప్పికి రిజిస్టర్లో గడి లేదు

పోస్టు కొంచెం పొడవు, ఓపిగ్గా చదవండి.

మొన్న సెలవులకి ఊరెళ్తే మా అమ్మమ్మ గట్టు దిగలేక కూర్చుని కూర్చుని దిగుతోంది. ఆస్పత్రిలో చూపించావా అంటే నవ్వింది. "జ్వరమా, పురుడా? నొప్పులకి ఆస్పత్రేంట్రా" అంది. ఆ మాట ఆవిడ సొంతంగా పుట్టించింది కాదు. డెబ్బై ఏళ్లుగా మన కొండల్లోకి వచ్చిన ప్రభుత్వ వైద్యమే అలా నేర్పింది. అదెలాగో చూద్దాం.

అంతకు ముందు బెణికినా, విరిగినా కట్టు కట్టే మనిషి దగ్గరికే వెళ్లేవాళ్లు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకి ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, అంతే. మన ఊళ్లల్లోనూ ఇలాంటి వాళ్లుండేవారు. దగ్గరలో ఉంటారు, మన భాషలో మాట్లాడతారు, కూలి పోదు. జనం అక్కడికి వెళ్లింది అమాయకత్వంతో కాదు, లెక్క చూసుకునే.

1946లో భోర్ కమిటీ పల్లెకి దగ్గరలో వైద్యం ఉండాలంది. 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం వచ్చింది. మలేరియా, మశూచి, కాన్పులు, తర్వాత కుటుంబ నియంత్రణ, వీటి చుట్టూనే పని నడిచింది. తప్పు పట్టలేం. ఏజెన్సీలో మనుషుల్ని చంపింది జ్వరమే. మోకాలి నొప్పి చంపదు, మూల కూర్చోబెడుతుంది. కూర్చున్న వాళ్లని ఎవరు లెక్కపెడతారు?

1974-75 నుంచి ఐటీడీఏలు వచ్చాయి. మైదానంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అయితే, గిరిజన ప్రాంతంలో 20,000 మందికే ఒకటి ఉండాలన్నారు. సబ్ సెంటర్ 5,000కి బదులు 3,000 మందికి. కాగితం మీద ఇది పెద్ద మేలే. కానీ కొండల్లో 3,000 మంది అంటే ఎన్ని గూడేలు, ఎన్ని వాగులు! నడవలేని రోగానికి నడిచి వెళ్లాల్సిన వైద్యం అన్నమాట. కాన్పుకైతే డోలీ కడతారు. నడుం నొప్పికి డోలీ ఎవరు మోస్తారు?

1978లో అల్మా-అటా ప్రకటన వచ్చింది. మామూలు జబ్బులకి, గాయాలకి వైద్యం కూడా ప్రాథమిక వైద్యంలో భాగమేనని అందులో రాశారు. మరుసటి ఏడాదికే అన్నీ చేయలేం, ప్రాణం తీసే కొన్ని జబ్బుల మీదే పెడదాం అన్న వాదన బలపడింది. 2005లో ఆశా కార్యకర్తలు వచ్చారు. వాళ్ల పారితోషికం ఎక్కువగా కాన్పులు, టీకాల లాంటి పనులకే ముడిపడింది. మోకాళ్లు పట్టేసిన ముసలమ్మ ఇంటికి పది సార్లు వెళ్లినా లెక్కలోకి రాదు. అది ఆశా అక్కల తప్పు కాదు, లెక్క రాసిన తీరు.

ఒక్కచోట మాత్రం కీళ్లు చరిత్రకెక్కాయి. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వెన్ను, కీళ్లు బిగుసుకుపోతున్నాయని వైద్యులు రాశారు. తర్వాత నల్గొండ పల్లెలు, లంబాడీ తండాలు అదే బాధతో దశాబ్దాల పాటు పోరాడాయి. అంతమంది ఒకేసారి వంగిపోయి, కలిసి గొంతెత్తితేనే గానీ మంచినీళ్ల మాట ముందుకు రాలేదు.

2018 ఏప్రిల్ 14న మన పక్కనే, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా జాంగ్లాలో, దేశంలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ ప్రారంభమైంది. 12 రకాల సేవలు ప్రకటించారు. కంటికి, పంటికి, మనసుకి పేరుంది. కీళ్లకి, కండరాలకి విడిగా పేరు లేదు. వృద్ధుల సంరక్షణలోనో, చిన్నచిన్న జబ్బుల్లోనో వెతుక్కోవాలి.

ఈ ఖాళీలోకే సంత రోజు సూది వచ్చింది. సంతకెళ్లి, సూది వేయించుకుని, ఉప్పు కొనుక్కుని రావడం మా ఊళ్లో మామూలే. రెండు రోజులు హాయిగా ఉంటుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే, అది పదేపదే పడితే, ఎముక పలచబడుతుంది, షుగర్ పెరుగుతుంది. నొప్పి బిళ్లలు రోజూ మింగితే కడుపులో పుండు, కిడ్నీల మీద దెబ్బ. అరిగిన మోకాళ్లకి మొదట కావాల్సింది తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం. దానికి సూది అక్కర్లేదు, నేర్పే మనిషి కావాలి.

అందుకే చెప్తున్నా. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం పీహెచ్‌సీలో వారానికోసారి పెద్దవాళ్ల క్లినిక్, సీహెచ్‌సీలో ఫిజియోథెరపీ ఉండాలి. మీ దగ్గర ఉందా అని అడగండి. లేకపోతే లేదని అర్జీలో రాయండి. ఓపీకి వెళ్తే "ఒళ్లు నొప్పులు" అని వదిలేయకుండా ఏ కీలు, ఎన్నాళ్లుగా, ఏ పని చేయలేకపోతున్నారో చెప్పి రాయించండి. కీలు వాచి జ్వరం వచ్చినా, పొద్దున్నే వేళ్లు గంటసేపు బిగుసుకుపోతున్నా, కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా ఆలస్యం చేయొద్దు, డాక్టర్‌కి చూపించండి.

రాయని నొప్పి సర్కారు లెక్కలో లేని నొప్పి. లెక్కలో లేనిదానికి మందు రాదు, మనిషి రాడు. మా అమ్మమ్మని వచ్చే వారం తీసుకెళ్తున్నా, ముందు పేరు రాయించడానికి. మీ ఊళ్లో నొప్పులకి పెద్దవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో కింద రాయండి.