జెడ్డాలో విమానం దిగాక: పిల్లలు, వృద్ధులతో ఉమ్రాకు వెళ్లేవారు తెలుసుకోవాల్సినవి

హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం సుమారు ఆరు గంటల్లో జెడ్డా చేరుతుంది. అయితే, విమానం దిగినప్పటి నుంచి మక్కాలో గదికి చేరేవరకు గడిచే సమయమే పిల్లలకు, వృద్ధులకు ఎక్కువ కష్టంగా ఉంటుంది. పొడవైన నడక, వేలిముద్రల వరుస, సామాను కోసం ఎదురుచూపు, ఆ తర్వాత రోడ్డు ప్రయాణం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇందులో చాలా ఇబ్బందులను బయల్దేరే ముందే తగ్గించుకోవచ్చు.

2025 హజ్‌కు 12 ఏళ్లలోపు పిల్లలను అనుమతించలేదు. చిన్నపిల్లలతో వెళ్లే కుటుంబాలు ఎక్కువగా ఎంచుకునేది ఉమ్రానే.

ఇహ్రామ్ ఎప్పుడు?

భారత్ నుంచి నేరుగా జెడ్డా వెళ్లేవారు మీఖాత్ హద్దును గాల్లోనే దాటుతారు. కాబట్టి జెడ్డాలో దిగాక ఇహ్రామ్ ధరిద్దామంటే ఆలస్యమైపోతుంది. విమానంలోని ఇరుకు టాయిలెట్‌లో వృద్ధులు బట్టలు మార్చుకోవడం కష్టం. ఇంట్లోనో, ఎక్కే విమానాశ్రయంలోనో ఆ వస్త్రాలు కట్టుకుని, మీఖాత్ దగ్గరపడినప్పుడు నియ్యత్ చేసుకోవచ్చు. ఇహ్రామ్‌లో సుగంధాలు వాడకూడదు కనుక పిల్లల కోసం తీసుకెళ్లే వెట్ వైప్స్, సబ్బు కూడా వాసన లేనివి ఎంచుకోవాలి.

వీల్‌చైర్ ముందే కోరాలి

దిగాక అడిగితే వెంటనే దొరక్కపోవచ్చు. టికెట్ తీసుకునేటప్పుడే, లేదా కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్స్‌కు చెప్పాలి. ఇందులో మూడు రకాలున్నాయి. మెట్లు ఎక్కగలిగినా దూరం నడవలేనివారికి డబ్ల్యూసీహెచ్‌ఆర్, మెట్లు ఎక్కలేనివారికి డబ్ల్యూసీహెచ్‌ఎస్, సీటు వరకు తీసుకెళ్లాల్సినవారికి డబ్ల్యూసీహెచ్‌సీ అని నమోదు చేస్తారు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేనివారికి మొదటి రకం రాయిస్తే, విమానం నుంచి మెట్ల మీదుగా దించినప్పుడు ఇబ్బంది తప్పదు.

వీల్‌చైర్‌లో వెళ్లేవారిని వేరే దారిలో తీసుకెళ్లే అవకాశం ఉంది. వారి వెంట ఇంట్లోవాళ్లు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. మిగతావారు సామాను వచ్చే బెల్టు దగ్గర కలుసుకోవాలని విమానంలోనే అనుకుంటే మంచిది.

ఇమిగ్రేషన్‌లో

ఇక్కడ ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. పొలం పనులు, ఇంటి పనులతో వేళ్లు అరిగిపోయినవారి ముద్రలు పడటానికి రెండు మూడుసార్లు ప్రయత్నించాల్సి రావచ్చు. కంగారు పడనక్కర్లేదు. పాస్‌పోర్టులు, వీసా ప్రింట్లు, మెనింజైటిస్ టీకా సర్టిఫికెట్లు ఒకే సంచిలో ఉంచుకోవాలి. ఈ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ఉండాలి. ఏడాది దాటిన పిల్లలకూ ఈ నిబంధన వర్తిస్తుంది.

మందులు, మసాలాలతో జాగ్రత్త

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. నరాల నొప్పులకు వాడే ప్రీగాబలిన్, నొప్పి తగ్గించే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు సౌదీలో నియంత్రిత ఔషధాలు. మన దగ్గర మందుల దుకాణంలో మామూలుగా కొన్నవే అక్కడ కేసుకు దారితీయవచ్చు. పెద్దవాళ్ల మందుల జాబితాను డాక్టర్‌కు చూపించి, అలాంటివి ఉంటే ప్రత్యామ్నాయం అడగాలి. తప్పదంటే సౌదీ ఆహార, ఔషధ సంస్థ నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. మిగతా మందులను చీటీతో పాటు, విడగొట్టని ప్యాకెట్లలో చేతి సంచిలో పెట్టుకోవాలి.

గసగసాలు అక్కడ నిషేధం. వంట సామాను, మసాలా పొడుల్లో అవి లేకుండా చూసుకోవాలి. తెలియనివాళ్లు ఇచ్చే పొట్లాలు తీసుకెళ్లకూడదు.

సౌదీ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఇన్సులిన్ తీసుకునేవారు వేళల మార్పు గురించి డాక్టర్‌ను ముందే అడగాలి.

మక్కాకు ఎలా వెళ్లాలి?

విమానాశ్రయం నుంచి మక్కా సుమారు 100 కిలోమీటర్లు. 2018లో మొదలైన హరమైన్ హైస్పీడ్ రైలు స్టేషన్ టెర్మినల్ 1కు ఆనుకుని ఉంది. హజ్ టెర్మినల్ దానికి దూరం. అందుకే ఏ టెర్మినల్‌లో దిగుతారో ముందే తెలుసుకుని రైలు టికెట్ తీసుకోవాలి. అయితే రైలు దిగాక హోటల్‌కు మళ్లీ వాహనం కావాలి. నడవలేని పెద్దలు, ఎక్కువ సామాను ఉన్న కుటుంబానికి గది దగ్గర దించే కారు లేదా వ్యానే నయం.

తప్పిపోతే?

పిల్లలు, పెద్దలందరి దగ్గరా హోటల్ పేరు, ఇంట్లోవాళ్ల సౌదీ నంబర్ అరబిక్, ఇంగ్లిష్‌లలో రాసిన కార్డు ఉండాలి. ఫోన్ ఉంటే చాలనుకోకూడదు, చార్జింగ్ అయిపోవచ్చు. మక్కా ప్రాంతంలో అత్యవసర సాయానికి 911, అంబులెన్స్‌కు 997కు ఫోన్ చేయాలి. పాస్‌పోర్టు పోతే జెడ్డాలోని భారత కాన్సులేట్‌ను సంప్రదించాలి.

గదికి చేరిన వెంటనే ఉమ్రా పూర్తిచేయాలనే నిబంధన లేదు. ఇహ్రామ్ నియమాలు పాటిస్తూనే తినవచ్చు, నిద్రపోవచ్చు. ప్రయాణంలో అలసిన పెద్దలను అర్ధరాత్రి తవాఫ్‌కు తీసుకెళ్లే బదులు, కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చి, రద్దీ తక్కువగా ఉన్నప్పుడు బయల్దేరడం మేలు.