మొక్కజొన్నలోని జొన్న

చింతలపూడి మెట్టలో మొక్కజొన్న అంటాం. తెలంగాణలో మక్కజొన్న, లేదా వట్టి మక్కలు. హిందీలో మక్కా. ఈ పేరును అరబ్బుల మక్కా నగరంతో ముడిపెడతారు గానీ పంట పుట్టిల్లు మెక్సికో. మక్కే మన నోట మొక్క అయిందని నాకనిపిస్తుంది. కొత్త గింజకు మనవాళ్లు పాత జొన్న పేరు తగిలించారు. ఆ జొన్న పుట్టిందేమో ఆఫ్రికాలో, సూడాన్ ప్రాంతంలో!

16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి ఆఫ్రికా చేరిన మొక్కజొన్న, అక్కడ జొన్న సంకటి వండే కుండలోకే దిగింది. కెన్యా, టాంజానియాల్లో ఆ మొక్కజొన్న సంకటిని ఉగాలి అంటారు, మలావిలో న్సిమా, జింబాబ్వేలో సాద్జా.

వండే తీరు మన సంకటిదే. ఎసరు మరిగాక పిండి కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో బలంగా గెలకాలి. పచ్చివాసన పోయి, ముద్ద గిన్నె అంచు వదిలేదాకా చెయ్యి ఆపకూడదు. వాళ్ల పిండి తెల్లన, మన గింజ పచ్చన. వాళ్లు ఆకుకూరతో తింటారు, మనకు గోంగూర ఉంది.

మన పంటలో చాలా భాగం కోళ్ల దాణాకే పోతోందంటే మనసొప్పదు. ఓ కిలో మర పట్టించి వండండి. వేడి మీదే తినాలి, చల్లారితే గట్టిపడుతుంది.